పరాక్రమానికి దాఖలా

యుద్ధంలో ధైర్యం చూపిన సైనికునికి ప్రభుత్వం పతకం ఇస్తుందని మనమందరం బాల్యం నుండి చదువుకుంటూ వచ్చాము. ఆ మాటకు చిన్న సవరణ అవసరమని మాకు తోస్తున్నది. ప్రభుత్వం ధైర్యాన్ని కన్నులారా చూడలేదు. ధైర్యాన్ని గురించి ఎవరో వ్రాసి పంపిన కాగితాన్ని చూస్తుంది. కాగితం భద్రంగా ఉన్నంతకాలం ఈ భేదం ఎవరికీ పట్టదు. అది పోయిన నాడు, లేక అందులో ఒక తేదీ తప్పు పడిన నాడు, గాయపడిన మనిషి ఎదురుగా నిలబడి తన మచ్చను చూపినా కార్యాలయం నమ్మజాలదు. దస్తరం, దాఖలా, దరఖాస్తు అనే మాటలు ఉర్దూవారికీ తెలుగువారికీ ఉమ్మడి ఆస్తి గనుక, మా పాఠకులకు ఈ సంగతి వేరుగా వివరింపనక్కర లేదు. పదవ తరగతి సర్టిఫికెట్టులో తండ్రిపేరు ఒక అక్షరం మారినందుకు సంవత్సరాల తరబడి తిరిగిన విద్యార్థులు ఈ కళాశాలలోనే ఉన్నారు. అమెరికా దేశంలో వృద్ధ సైనికులు యుద్ధపతకం కొరకు తమ రికార్డులను సరిచేయించుకొనడానికి పడిన శ్రమను తెలుసుకొన్నప్పుడు, అందుచేతనే అది మాకు పరాయి కథగా అనిపించలేదు.

అమెరికా సైన్యం నుండి విడుదలైన ప్రతివానికీ ఒక విడుదల పత్రం ఇస్తారు. 1950 తరువాతి కాలంలో దానికి డి.డి. 214 అని పేరు. ఏ తేదీన చేరినదీ, ఎక్కడ పనిచేసినదీ, ఏ పతకాలు పొందినదీ అందులో ఉంటుంది. వైద్యసహాయం, పింఛను, చివరకు సైనిక శ్మశానంలో ఆరడుగుల స్థలం కూడ ఇట్టి పత్రాల మీదనే ఆధారపడతాయి. ఆ పత్రం వెనుక సైనికుని పూర్తి ఫైలు ఉంటుంది. సైన్యం విడిచిన కోట్లమంది ఫైళ్లను సెయింట్ లూయిస్ నగరం ప్రక్కన ఓవర్‌ల్యాండ్ అనే చోట ఆరంతస్తుల పెద్ద భవనంలో దాచారు.

1973 జూలై 12వ తేదీన అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి ఆ భవనపు ఆరవ అంతస్తులో నిప్పు అంటుకొన్నది. నాలుగు రోజులకు గాని అది పూర్తిగా ఆరలేదు. భవనం కట్టేటప్పుడు మంటలార్పే నీటిగొట్టాలు పైకప్పులో అమర్చాలా వద్దా అని చర్చ జరిగినదట. నీరు చిమ్మితే కాగితాలు పాడవుతాయని భయపడి వాటిని మానుకొన్నారు. తీరా ఆ రాత్రి మొదలు రోజుల తరబడి అగ్నిమాపకదళాలు లక్షల గ్యాలన్ల నీరు కుమ్మరించగా, కాలని ఫైళ్లు తడిసి బూజుపట్టసాగాయి. సుమారు 1 కోటి 60 లక్షల నుండి 1 కోటి 80 లక్షల ఫైళ్లు నశించాయి. 1912 నవంబరు 1 నుండి 1960 జనవరి 1 వరకు విడుదలైన పదాతి తదితర భూసైనికుల ఫైళ్లలో నూటికి ఎనుబది పోయాయి. వాయుసేనలో 1947 సెప్టెంబరు నుండి 1964 జనవరి వరకు విడుదలైనవారిలో, ఇంటిపేరు అక్షరక్రమంలో హబ్బర్డ్ అనే పేరు తరువాత వచ్చేవారి ఫైళ్లలో నూటికి డెబ్బది ఐదు పోయాయి. ఇంటిపేరు మొదటి అక్షరం మనిషి భాగ్యాన్ని నిర్ణయించడం జ్యోతిష్కులు మాత్రమే చెప్పగల విషయమని అంతవరకు అనుకొనేవారము.

ఆ ఫైళ్లకు నకలు లేదు. మైక్రోఫిల్ము తీయలేదు. ఏమేమి పోయాయో చెప్పడానికి సూచిక కూడ లేదు. తడిసిన కాగితాలను పాలు మోసే ప్లాస్టిక్ బుట్టలలో పేర్చి, అంతరిక్షనౌకలను పరీక్షించడానికి కట్టిన గాలిలేని గదిలో ఆరబెట్టారు. ఈ విధంగా దాదాపు 65 లక్షల ఫైళ్లు అంచులు మాడిన స్థితిలోనైనా దక్కాయి. తక్కినవారి విషయంలో ఇతర కార్యాలయాలలో మిగిలిన తునకలను ఏరి జీవితచరిత్రను మళ్లీ కూర్చవలసి వచ్చినది: చివరి జీతపు రసీదులు, కంపెనీలో ప్రతి ఉదయం వ్రాసే హాజరు నివేదికలు, పింఛను శాఖవారి ఫైళ్లు. రెండవ ప్రపంచయుద్ధం, కొరియా యుద్ధం నాటి ఆసుపత్రి ప్రవేశాల జాబితా ఒకటి 1988లో అందుబాటులోకి వచ్చినది గాని అందులో పేర్లు లేవు, సైనిక సంఖ్యలే ఉన్నాయి. తన సంఖ్య మరచిపోని ముసలివాడే అదృష్టవంతుడు.

ఇక రికార్డు సవరణ. 1946కు పూర్వం ఒక సైనికుని రికార్డులో తప్పును దిద్దాలంటే పార్లమెంటు వంటి వారి కాంగ్రెసు ఆ ఒక్కని కొరకే ప్రత్యేకంగా బిల్లు ప్యాసు చేయవలసి వచ్చేది. ఆ బాధ పడలేక 1946లో చట్టం చేసి ఈ పనిని సైనికశాఖకు అప్పగించారు. అప్పటినుండి రికార్డుల సవరణ బోర్డులు ఏర్పడ్డాయి. సభ్యులు సేనానులు కారు, పౌర ఉద్యోగులు. రికార్డులో పొరపాటు గాని, అన్యాయం గాని ఉన్నదని తోచితే దిద్దే అధికారం వారికి ఉన్నది. సైనికుడు స్వయంగా గాని, అతడు మరణిస్తే భార్య లేక వారసులు గాని 149వ నెంబరు ఫారం నింపి పంపవచ్చు. తప్పు తెలిసిన మూడేండ్లలోగా పంపాలి. న్యాయం కోరితే బోర్డు ఆ గడువును క్షమించవచ్చు.

వినడానికి ఇది ఉదారంగానే ఉన్నది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, బోర్డు తానుగా పరిశోధించదు. ప్రభుత్వ రికార్డు సరియైనదే అని ముందుగా భావించి కూర్చుంటుంది. కాదని రుజువు చేయవలసిన భారం అర్జీదారునిది. శత్రువు చేతిలో గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్ పతకాన్నే తీసుకొందాము. గాయం శత్రుచర్య వలననే తగిలిందని, దానికి సైనికవైద్యుడు చికిత్స చేశాడని, ఆ చికిత్స అధికార పత్రాలలో నమోదైనదని చూపాలి. కొరియా కొండలలో మంచు మీద కట్టు కట్టించుకొని తిరిగి తుపాకి పట్టినవాని చికిత్సను నమోదు చేసేది ఎవరు? చేసినా ఆ చీటీ 1973లో కాలిపోయి ఉండవచ్చు. అప్పుడు మిగిలేది చూచిన తోటి సైనికుల వాంగ్మూలం. ఆ తోటివారు ఎనుబదిలోనో తొంబదిలోనో ఉంటారు, ఏటేటా తగ్గిపోతారు.

కొన్నిచోట్ల ఒక కాగితం మరొక కాగితానికి తోడ్పడుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో పదాతిదళ పోరాట చిహ్నం పొందినవారికి బ్రాంజ్ స్టార్ పతకం కూడ ఇవ్వవచ్చునని 1947లో నిర్ణయించారు. అడగవచ్చునని తెలియక అడగకుండానే చనిపోయినవారు ఉంటారు. ఇట్టి సమాచారం ఇంటింటికీ చేరవేయడం ప్రభుత్వపు విధి కాదా అని మా ప్రశ్న.

కాగితం అగ్నికి ఆహుతి కాకుండానే మాయమైన ఉదాహరణ ప్యారిస్ డేవిస్ అనే కెప్టెనుది. ప్రత్యేకదళాలలో అధికారులైన తొలి నల్లజాతివారిలో ఆయన ఒకరు. 1965 జూన్‌లో వియత్నాంలోని బోంగ్‌సోన్ దగ్గర సుమారు 19 గంటలు పోరాడి, చేతివ్రేళ్లు ఛిద్రమైనా చిటికెనవ్రేలితో తుపాకి పేల్చుతూ, వెనుకకు రమ్మన్న ఆజ్ఞను కాదని, గాయపడి పడిపోయిన తనవారిని ఒక్కొక్కరినే మోసుకొని వచ్చారు. పై అధికారి అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ పతకానికి సిఫారసు పంపారు. ఆ ఫైలు పోయినది. 1969లో విచారిస్తే ఫైలే కనబడలేదు; మళ్లీ పంపమన్నారు; మళ్లీ పంపినదీ పోయినది. రెండుసార్లు పోవడం కేవలం అజాగ్రత్త కాదనీ, ఆయన రంగే కారణమనీ సహచరులు అనుమానించారు. ఎన్నో ఏండ్ల తరువాత ఆ సహచరులూ మరికొందరు స్వచ్ఛందసేవకులూ పాత సాక్ష్యాలను ఒక్కటొక్కటిగా సేకరించి సిఫారసును తిరిగి కూర్చారు. 2023 మార్చి 3వ తేదీన, తన 83వ ఏట, ఆయన ఆ పతకం అందుకొన్నారు.

గడువు దాటిన పతకాలకు 1996 నుండి ఒక దారి ఉన్నది. కాంగ్రెసు సభ్యుడు కోరితే సైనికశాఖ ఆ సిఫారసును పరిశీలించి తీరాలి. గడువు అనేది వట్టి మొండితనమని మేము అనము. జ్ఞాపకం మోసం చేస్తుంది, పొందని పతకాలు ధరించి తిరిగే అబద్ధాలరాయుళ్లు ఆ దేశంలో పట్టుబడుతూనే ఉన్నారు. కాని కాగితాన్ని పోగొట్టినది ప్రభుత్వమే అయినప్పుడు, ఆలస్యమైనదని సైనికుని తప్పు పట్టడం మాకు న్యాయంగా తోచదు.

కెంటకీ రాష్ట్రపు రైతు గార్లిన్ మర్ల్ కానర్ విషయంలో జరిగినది ఇంచుమించు అదే. 1945 జనవరి 24న ఫ్రాన్సులోని హూసెన్ వద్ద ఆయన టెలిఫోను తీగ లాగుకొంటూ ఒంటరిగా ముందుకు పరుగెత్తి, లోతులేని గుంటలో పడుకొని మూడు గంటలసేపు ఫిరంగులకు గురి చెప్పారు. శత్రువులు మీదికి వచ్చినప్పుడు తానున్న చోటనే గుండ్లు కురిపించమన్నారు. రెండవ శ్రేణి పతకం దక్కినది. యుద్ధం ముగిశాక పొగాకు పండించుకొంటూ ఆ మాట ఎత్తేవారే కారు. 1996లో తన మేనమామ సైనికజీవితాన్ని వెదుకుతూ వచ్చిన ఒక మాజీ సైనికుడు ఆ ఇంట పాత కాగితాలు చూచి ఆశ్చర్యపడి అర్జీ పెట్టించాడు. 1997లో బోర్డు త్రోసిపుచ్చినది. 1998లో కానర్ చనిపోయారు. ఆ తరువాత కొత్త సాక్షులు దొరికారు; గడువు మించినదన్నారు. భార్య పౌలీన్ కోర్టుకు వెళ్లగా 2014లో జిల్లా న్యాయస్థానం కూడ ఆలస్యమైనదనే తీర్పు చెప్పినది. ఆమె పై కోర్టును ఆశ్రయించిన మీదట బోర్డు 2015లో మనసు మార్చుకొన్నది. 2018 జూన్ 26న శ్వేతసౌధంలో భర్త పతకాన్ని పౌలీన్ తన చేతులతో అందుకొన్నది. అప్పటికి ఆమె వయస్సు తొంబదికి చేరువ.