ఇరుసుకు రబ్బరు చొక్కా

మీరు సిద్దిపేట నుంచి హైదరాబాదుకు కారులో బయలుదేరారనుకోండి. దూరం దాదాపు 100 కిలోమీటర్లు. చిన్నకారు చక్రం ఒకసారి తిరిగితే సుమారు 1.6 మీటర్లు ముందుకు పోతుంది. అంటే హైదరాబాదు చేరేలోగా ఒక్కో చక్రం 60 వేలసార్లకు పైగా తిరగాలి! ఆ చక్రాన్ని తిప్పే ఇరుసు చివర ఉక్కు కీలు ఒకటి, దానిపైన పలచని రబ్బరు తొడుగు ఒకటి ఉంటాయి. మెకానిక్కులు దాన్ని 'బూటు' అంటారు. ఆ బూటు చిరిగితే లోపలి ఉక్కు కూడా పాడవుతుంది. రబ్బరు చిరిగితే ఉక్కు ఎందుకు అరగాలి? చూద్దాం.

రెండు పనులు చేసే చక్రం

పాత అంబాసిడర్ కారులో ఇంజను వెనక చక్రాలను తిప్పేది. ముందు చక్రాలు దారి మళ్లితే చాలు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజను ముందు చక్రాలనే తిప్పింది. నేటి చిన్నకార్లలో చాలావాటిదీ ఇదే పద్ధతి. ఇక్కడ ముందు చక్రం గిర్రున తిరగాలి, మలుపులో పక్కకు ఒరగాలి, గతుకుల్లో పైకీ కిందికీ ఊగాలి. తిన్నని కడ్డీతో ఇది సాధ్యమా? కాదు. మన మోకాలికిలాగా వంగే కీలు కావాలి.

17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో ఒక కీలు ఉంది. దానిలో ఒక లోపం ఉంది. అది 30 డిగ్రీలు వంగినప్పుడు, మొదటి కడ్డీ 100 వేగంతో నిలకడగా తిరిగినా, రెండవ కడ్డీ వేగం 87కు తగ్గి, 115కు పెరుగుతుంది. ఒక్కో చుట్టులో ఇలా రెండేసిసార్లు! మలుపు తిరిగినప్పుడల్లా కారు కుదుపులు తినదూ?

1920లలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. రెండు కడ్డీల నడుమ, గాడులలో ఆరు ఉక్కు గుండ్లు అమర్చాడు. కీలు ఎంత వంగినా ఆ గుండ్లు కోణానికి సరిగ్గా సగంలో నిలుస్తాయి. అందుచేత రెండు కడ్డీలూ ఒకే వేగంతో తిరుగుతాయి.

బూటు చిరిగితే?

ఆ గుండ్ల మీద ఎంతో బరువు పడుతుంది. వాటికి కందెన తప్పనిసరి. ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు ఆముదంలో గడ్డిమసి కలిపి పూసేవారు. కారు కీలుకు గ్రీజు పెడతారు. ఆ గ్రీజును పట్టి ఉంచేది బూటే. హార్మోనియం తిత్తిలా దానికి మడతలుంటాయి. కారు మలుపు తిరిగేటప్పుడు ఒకవైపు మడతలు సాగుతాయి, రెండవవైపు ముడుచుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగేసరికి రబ్బరు గట్టిపడి, మడతల్లో పగుళ్లు వస్తాయి.

తడిసిన గొడుగును గిర్రున తిప్పి చూడండి. నీళ్లు చుట్టూ చిమ్ముతాయి కదా! చిరిగిన బూటులోంచి గ్రీజు కూడా అలాగే చిమ్మిపోతుంది. ఆ చిరుగులోంచే దుమ్మూ, నీళ్లూ లోపలికి చేరతాయి. గ్రీజులో కలిసిన ఇసుక గరుకు కాగితంలా గుండ్లనూ, గాడులనూ అరగదీస్తుంది. చివరకు మలుపులో 'టక్ టక్' మని చప్పుడు మొదలవుతుంది.

మరమ్మతు ఎలా?

సిద్దిపేటలోని ఏ మెకానిక్ షాపుకు వెళ్లినా ఈ పని చూడవచ్చు. మెకానిక్ కారును పైకెత్తి, స్టాండ్ల మీద నిలిపి, చక్రం విప్పుతాడు. ఇరుసును బయటికి లాగి, పాత బూటును కోసేస్తాడు. కీలును కడిగి ఆరబెట్టి, గుండ్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాడు. గుంటలు పడి ఉంటే కీలునే మార్చాలి. నున్నగా ఉంటే అదే కీలు మళ్లీ పనికివస్తుంది. ముందుగా కొత్త బూటును ఇరుసుకు ఎక్కిస్తాడు. ఇది మరిచి కీలు బిగిస్తే పనంతా మళ్లీ మొదటికే! ఆపైన కొత్త గ్రీజు నింపి, కీలు అమర్చి, బూటు రెండు అంచులకూ క్లిప్పులు బిగిస్తాడు.

చిరుగును తొందరగా చూస్తే ఖర్చు రబ్బరుకూ, గ్రీజుకూ, మెకానిక్ కూలికీ మాత్రమే. చప్పుడు వచ్చేదాకా ఆగితే ఉక్కు కీలునే కొనవలసి వస్తుంది.

మీ ఇంట్లో, లేదా తెలిసినవారింట్లో కారుంటే, ఇంజను ఆపి ఉన్నప్పుడు పెద్దవాళ్లను స్టీరింగు ఒకపక్కకు పూర్తిగా తిప్పమనండి. కారు కిందికి దూరకుండా, పక్కన నిలబడే ముందు చక్రం వెనకకు తొంగిచూడండి. చక్రం లోపలివైపు నల్లని గ్రీజు చిమ్మి ఉందా? ఉంటే వెంటనే చెప్పండి. ఒక ఉక్కు కీలును కాపాడినవారవుతారు!