నాన్న సాక్సాఫోన్ అమ్మేద్దామనుకున్నా!

చోడవరంలో మా ఇంటి అటక మీద ఓ నల్ల పెట్టె ఉంది. అందులో నాన్న సాక్సాఫోన్. ఒకప్పుడు పెళ్లి బ్యాండులో వాయించేవాడు. డీజేలు వచ్చాక పిలుపులు తగ్గిపోయాయి, పెట్టె అటకెక్కింది. నాకేమో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కావాలి. ‘ఊరికే పడుంది కదా, అమ్మేస్తే పోలా’ అనుకున్నా. రేటెంత పలుకుతుందో చూద్దామని ఫోన్‌లో వెతుకుతుంటే కద్రి గోపాల్‌నాథ్ కచేరీ వీడియో తగిలింది.

ఆయన వేదిక మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఆల్టో సాక్సాఫోన్ మీద రాగాలాపన చేస్తున్నారు. కళ్లు మూసుకుంటే నాదస్వరమా, మనిషి గొంతా అన్నట్టుంది. ఎప్పుడొచ్చాడో, వెనక నాన్న నిలబడి ఉన్నాడు.

‘‘ఊపిరెక్కడ తీసేడో తెలిసిందేట్రా?’’ అన్నాడు.

వెనక్కి జరిపి మళ్లీ విన్నా. ఊహూఁ, తెలియలేదు!

మెట్ల మీద జారుడుబల్ల

సాక్సాఫోన్‌ని తయారుచేసింది బెల్జియానికి చెందిన అడాల్ఫ్ సాక్స్. 1846లో పేటెంట్ తీసుకున్నాడు. ఏ మీటలు నొక్కితే ఆ స్వరం... మెట్లెక్కినట్టన్నమాట. మన సంగీతంలోనేమో స్వరం ఊగాలి, జారాలి. గమకం లేకపోతే రాగమే లేదు. మరి మెట్ల మీద జారడమెలా? మంగళూరు ప్రాంతంలో నాదస్వర విద్వాంసుడి ఇంట పుట్టిన గోపాల్‌నాథ్, చిన్నప్పుడు మైసూర్ ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం విని మనసు పారేసుకున్నారు. ఏళ్ల తరబడి సాధన చేశారు. మీటల దగ్గర తనకు కావలసిన మార్పులు చేసుకున్నారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో వెళ్లిపోయారు.

పార్కర్‌కీ మనకీ చుట్టరికం

జాజ్‌లో ఇదే ఆల్టోతో చరిత్ర సృష్టించినవాడు చార్లీ పార్కర్. 34 ఏళ్లే బతికాడు. జాజ్‌వాళ్లు పాట ట్యూన్ ఓసారి వినిపించి, దాని కార్డ్స్ వరస మీద అప్పటికప్పుడు కొత్త ట్యూన్ అల్లుతారు. మనవాళ్లు కల్పనస్వరాల్లో రాగం దాటకుండా అల్లుకుంటూ పోయి, తాళం తప్పకుండా ఎత్తుగడ దగ్గరికి చేరతారు. కాగితం మీద రాసుకున్నదేదీ ఉండదు. తప్పితే అందరిముందే తప్పాలి. అమెరికాలో ఆల్టో వాయించే రుద్రేశ్ మహంతప్ప, గోపాల్‌నాథ్‌తో కలిసి 2008లో చేసిన ఆల్బమ్ పేరు ‘కిన్స్‌మెన్’. అంటే చుట్టాలు!

ఇదంతా చదివి చెప్తే నాన్న నవ్వాడు. ‘‘మేమూ అల్లీవోళ్లమే. పెళ్లికొడుకు గుర్రం దిగకపోతే పాట అవ్వకూడదు కదా!’’ ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగని సంగతి ఇది.

పెట్టె దించాం. రీడు ఎండి పగిలిపోయింది. పైపన్ను ఒకటి ఊడిపోవడంతో నాన్న నోట్లో మౌత్‌పీస్ సరిగా కుదరలేదు. గాలి బుస్సుమంది. మూడోసారికి ఒకే ఒక్క స్వరం పలికింది. సన్నగా, వణుకుతూ... కానీ అది నాన్న గొంతే. పెట్టె మూస్తూ ‘‘నీకు డబ్బులవసరమైతే అమ్మీరా’’ అన్నాడు.

ల్యాప్‌టాప్ ఇంకా కొనలేదు. ఆర్డర్ పెట్టిన కొత్త రీడు ఈ వారం వస్తుంది. ఈలోగా మీరో పని చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోపాల్‌నాథ్ ఆలాపన ఒక్కటి వినండి. ఊపిరెక్కడ తీశారో పట్టుకోండి చూద్దాం!