పాత సైనిక రివాల్వరు - దానికిఁ దగిన తూటా

ప్రాచీనవస్తు పరీక్ష తామ్రశాసనములకును తాళపత్రములకును మాత్రమే చెందిన పని యని పెక్కురు తలంతురు. ఇండ్ల పాతపెట్టెలలో మఱుగుపడియున్న సైనికాయుధములును లేఖనములవంటివే. వానిమీఁదను నక్షరములు, అంకెలు, రాజముద్రలు గలవు. శాసనమును దప్పుగాఁ జదివినచో వాదము పుట్టును. ఆయుధమును దప్పుగాఁ జదివినచో చేయి పోవును, ఒక్కొకతఱిఁ బ్రాణమే పోవును. రెండు ప్రపంచయుద్ధములకును గోదావరీతీరమునుండి పలువురు సిపాయిలు వెడలిరి. తాడేపల్లిగూడెముచెంత మాధవరమునకు "మిలిటరీ మాధవర"మను పేరు వచ్చుటకు నదియే హేతువు. కాఁబట్టి యమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల వంశపత్రములను బరిశీలించువారికిని, ఆకాలపు వృత్తాంతములను బాలురకు బోధించువారికిని ఈ విషయ మక్కఱకు రాఁగలదు.

మొదటఁ బదములనుగూర్చి చెప్పవలెను. తుపాకి తురుష్కభాషనుండి వచ్చిన శబ్దము. వ్యవహారమునఁ బెద్దదానికిని జిన్నదానికిని సామాన్యనామము. పిస్తోలు చేతఁ బట్టి పేల్చునది. రివాల్వరనునది యందొక భేదము. తూటాలకు గదులుగల చక్రము దీని లక్షణము. సుత్తి వెనుకకుఁ బోయినపుడెల్ల చక్రము తిరిగి క్రొత్తగది గొట్టమున కెదురుగ వచ్చును. గుండు, తూటా యనునవి పర్యాయపదములు కావు. ఇత్తడిగుల్ల, దాని యడుగున రంజకము, లోపల మందు, మూఁతిని గుండు - ఈ నాలుగును గూడిన సముదాయమే తూటా. గుండు దాని యవయవము మాత్రమే. వెనుకటి తుపాకిలో రంజకమును, మందును, గుండును వేర్వేఱుగ వేయుచుండిరి. తూటాలో నవి యొక్కటైనవి. అందువలన సౌకర్యము కలిగెను గాని, పేల్చువాఁడు తన తుపాకికిఁ దగినట్లు మందును దగ్గించుకొను నవకాశము పోయెను. కావున నేఁడు తూటా నెన్నుటయే సర్వమును.

ఈ వివేకము చరిత్రరచనకును ముఖ్యము. 1922వ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదులలో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపైఁ బడి 26 తుపాకులను, 2,500లకు మించిన తూటాలను గొనిపోయిరి. రెండు సంఖ్యలును గలిపి చెప్పుటయే యుక్తము. తూటా లేని తుపాకి కఱ్ఱతో సమానము. తనకుఁ దగని తూటాతోడి తుపాకి కఱ్ఱకంటెను హీనము, పట్టినవానికే శత్రువు. ఆ యిరువదియాఱును బోలీసుభటుల పొడవు తుపాకులు, అనఁగా మస్కెట్లు, రివాల్వరులు కావు. కథలలోను నాటకములలోను నీ రెంటిని గలుపుట తగదు.

ఇఁకఁ బ్రకృతము. బ్రిటిషు సైన్యమునను, నాఁటి భారతసైన్యమునను అధికారులు ధరించిన రివాల్వరులలో మిక్కిలి ప్రసిద్ధమైనది బర్మింగుహాము నగరపు వెబ్లీ. దాని మొదటి తరగతిని సైన్యము 1887లో స్వీకరించెను. పిమ్మట 1894, 1897, 1899, 1913, 1915 సంవత్సరములలో రెండు మొదలు ఆఱు వఱకుఁ దరగతులు వచ్చెను. "మార్కు" అను మాటయు, తరగతి సంఖ్యయు గొట్టమునకు వెనుకనున్న పైపట్టీమీఁదఁ జెక్కఁబడి యుండును. చక్రమున ఆఱు గదులు. గొండి నొత్తినచో గొట్టము ముందునకు వంగి తెఱచుకొనును. కాలిన గుల్లలన్నియు నొక్కమాఱు పైకి లేచును. మొదటి యైదింటికిని సామాన్యముగ 4 అంగుళముల గొట్టము, పక్షిశిరమువలె వంపుదిరిగిన పిడి; ఆఱవదానికి 6 అంగుళముల గొట్టము, అడుగు చదరమైన పిడి. బాణపుములుకు ముద్ర ప్రభుత్వపు సొత్తునకు గుఱుతు. దానితో "ఐ" యను నాంగ్లాక్షరమున్నచో నది నాఁటి భారతప్రభుత్వపుది.

ఈ యాఱింటికిని దగిన తూటా .455 వెబ్లీ. ఇది కొలత, అంగుళమున 455 సహస్రాంశములు. మొదటి తరగతి తూటా గుల్ల కొంచెము పొడవు; 1897లో వచ్చిన రెండవదానిది పొట్టి. దీని సీసపుగుండు 265 గ్రెయినులు, అనఁగా రమారమి 17 గ్రాములు. 1898లో మూఁతి గుంటువడిన మూఁడవ తరగతి గుండు వచ్చెను. శరీరమున విచ్చుకొను గుండ్లను 1899 నాఁటి హేగు ప్రకటన నిషేధింపఁగా దానిని యుద్ధమున వాడుట మానిరి. 1939 నాఁటి యాఱవ తరగతి గుండునకు లోహపుఁదొడుగు గలదు. తూటా యడుగున నిర్మాణశాలాసంకేతము చూడవలెను, "కె. ఎఫ్." అనునది పూనాచెంత కిర్కీ కర్మాగారపుది.

రెండు యుద్ధముల నడుమ నాంగ్లప్రభుత్వము చిన్నకొలతకు దిగి 1932లో ఎన్‌ఫీల్డు రెండవసంఖ్య రివాల్వరును స్వీకరించెను. దాని తూటా .38, గుండు మొదట 200 గ్రెయినుల సీసము, తరువాత 178 గ్రెయినుల తొడుగుగుండు. ఇదియు వెబ్లీవలెనే ముందునకు వంగి తెఱచుకొనును; దీనికిని ఆఱు గదులే. కాఁబట్టి "వంగి తెఱచుకొనునది .455 వెబ్లీ" యను లక్షణమున కతివ్యాప్తి దోషము. అంతియ కాదు, వెబ్లీవారే.38 కొలతలో నింకొక రివాల్వరును జేసి దానికిని మార్కు 4 అనియే పేరిడిరి. 1899 నాఁటి మార్కు 4 వేఱు, ఇది వేఱు. మార్కు నామము నానార్థము. కొలతయే దానికి విశేషణము. విశేషణము లేక విశేష్యము నిర్ణయము కాదు.

".38" అను కొలతయు నేకార్థము కాదు. బ్రిటిషు సైనికపు .38 తూటా అమెరికా దేశపు .38 స్మిత్ అండ్ వెస్సన్ తూటానుండి పుట్టినది. గుల్ల పొట్టి, వెడల్పు. .38 స్పెషలు అనునది పొడవు, సన్నము, బలము హెచ్చు. యుద్ధానంతరము కొందఱు వర్తకులు పాత సైనిక రివాల్వరుల గదులను దొలిచి పొడిగించి .38 స్పెషలు పట్టునట్లు చేసిరి. గుల్ల వదులై పగులును. అట్లే కొన్ని .455 వెబ్లీల చక్రమును వెనుకవైపున నరగఁదీసి అమెరికా సైన్యపు .45 ఆటోమేటిక్ తూటా పట్టునట్లు చేసిరి. ఆ తూటా పీడనము వెబ్లీ కుద్దేశింపఁబడిన దానికంటె మిక్కిలి యధికము. చక్రమే బ్రద్దలు కావచ్చును. "గదిలోఁ దూఱినది గావున నిది తగినదే" యను ననుమానము వ్యభిచారి హేతువు. తూఱుట వేఱు, తగుట వేఱు. మీఁది ముద్ర పాతదైనను గది మాఱియుండవచ్చును గనుక, గదిని గొలిచి నిర్ణయించుట ఆయుధకారుని పని. కంటితోఁ జూచి నిర్ణయింపరాదు.

ఇట్టి యాయుధము పెట్టెలోఁ గనఁబడినచో దానిని దెఱవరాదు, మీటను దాఁకరాదు, తూటా వేసి చూడరాదు. చక్రమునఁ దూటాలున్నవనియే యెంచవలెను. ఉప్పుగాలి తగులు మన సీమలో నినుము తుప్పుపట్టును. పాతతూటా మందు చెడి యాలస్యముగఁ బేలవచ్చును. 1959 నాఁటి ఆయుధచట్టము ప్రకారము తుపాకికిని దూటాలకును లైసెన్సు కావలెను. తాతగారిదైనను మినహాయింపు లేదు. అనుజ్ఞ లేనిదానిని సమీపపు పోలీసుఠాణాలో నొప్పగించుటకుఁ జట్టములో 21వ సెక్షను గలదు. ఉన్నచోటనే యుంచి ఠాణావారికిఁ దెలిపి, వారు వచ్చి భద్రపఱచిన పిమ్మట ముద్రలను వ్రాసికొని ఛాయాచిత్రము తీయించుకొన్నచో చరిత్రకు లోటు రాదు.

వ్రాసికొనునపుడు క్రమమిది: నిర్మాతపేరు, మార్కుసంఖ్య, కొలత, సంవత్సరము, ప్రభుత్వముద్ర, చక్రము అరగఁదీసిన జాడ. వంశపత్రములలో "తాతగారి పిస్తోలు" అని మాత్రమే యుండుటకంటె నీ యాఱును గల యొక్క పంక్తి భావిపరిశోధకునకు మేలు చేయును.