టెలి మానస్

మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లోనే సాయం అందించే జాతీయ సేవ ఇది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రేయింబవళ్లు పలుకుతుంది. తెలుగు ఎంచుకుంటే కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి పెద్దదిక్కు.

సైనికులు, వాళ్ల కుటుంబాల కోసం 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం తెరిచారు. ఎప్పుడో జరగాల్సిన పని. కొలువు ముగించుకుని సొంతూరికి చేరిన మాజీ సైనికుణ్ని చూసి "పింఛను వస్తోందిగా, నీకేం లోటు?" అనేస్తాం. నిద్రపట్టక అర్ధరాత్రి వాకిట్లో పచార్లు చేసే మనిషిని ఆ మాట మరింత ఒంటరిని చేస్తుంది. తాగుడు పెరిగినా, "నేను లేకపోతేనే మీకు నయం" అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహే. కేసవుతుందని దాచనూ వద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది.

బాధపడుతున్న మనిషి 14416కు ఫోన్ చేయనంటే మీరే చేయండి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు కూడా మాట్లాడి సలహా తీసుకోవచ్చు.