చెంచాడు నూనె, పిసరంత రబ్బరు

పాతబస్తీలో సైకిల్ దుకాణం మెట్లెక్కిన కుర్రాడు ధర కంటే ముందు అడిగేది "డిస్క్ ఉందా?" అనే. ఉంటుంది. ఇప్పుడు పదేళ్ళ పిల్లల సైకిళ్ళకు కూడా ముందూ వెనకా చిల్లుల ఉక్కు పళ్ళేలు మెరుస్తున్నాయి. ఆ పళ్ళేన్ని పట్టుకునే కాలిపర్ దగ్గరకు వంగి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సన్నని తీగ బయటికి కనబడుతూ ఒక చిన్న చేతిని లాగుతుంటే అది మనకు తెలిసిన కేబుల్ బ్రేకే, రిమ్ము నుంచి చక్రం నడుముకు మకాం మార్చిందంతే. నల్లటి గొట్టం నేరుగా కాలిపర్ పొట్టలోకి దిగిపోయి, తీగ ఎక్కడా కనబడకపోతే అది హైడ్రాలిక్. చౌకరకం కేబుల్ డిస్కు కంటే రిమ్మును పట్టే మంచి వి-బ్రేకు నయమని నా అభిప్రాయం. మెరుపుకు డబ్బు పెట్టేవాళ్ళతో మాత్రం వాదించలేం.

హైడ్రాలిక్ బ్రేకు కథ చెప్పేవాళ్ళు మామూలుగా పాస్కల్‌తో మొదలుపెడతారు. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్నాడాయన. ఆ గ్రంథం ఆయన పోయాక 1663లో అచ్చయింది. సూత్రం ఎంత తేలికంటే, పిడి దగ్గర 10 మిల్లీమీటర్ల వెడల్పున్న పిస్టన్‌తో నూనెను నొక్కి, చక్రం దగ్గర 22 మిల్లీమీటర్ల పిస్టన్‌తో అందుకుంటే బలం దాదాపు అయిదు రెట్లవుతుంది. వేలు పెట్టిన బలాన్ని పిడి అప్పటికే కొన్ని రెట్లు పెంచి పంపుతుంది కాబట్టి ఒక్క వేలితో నిండు మనిషిని ఆపడం వింతేమీ కాదు.

చిక్కంతా కాగితం మీంచి లోహంలోకి వచ్చినప్పుడే. పిస్టన్ కదలాలంటే దాని చుట్టూ సందు ఉండాలి, సందు ఉంటే ద్రవం కారుతుంది. జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నప్పుడు ఎదురైన పెద్ద తలనొప్పి ఇదే. ఆయన కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే తోలుతో అంచు మడిచిన పట్టీ చేసి బిగించాడంటారు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తోలు అంచు పిస్టన్‌కు మరింత గట్టిగా అతుక్కుంటుంది. ద్రవం తన దారిని తానే మూసుకుంటుందన్నమాట. పాస్కల్ పేరు పాఠ్యపుస్తకాల్లో మిగిలింది, తోలుపట్టీ పేరు ఎవరికీ పట్టలేదు. నన్నడిగితే ఈ బ్రేకు అసలు చరిత్ర ఆ పట్టీ చరిత్రే.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే చిక్కు మళ్ళీ వచ్చింది. విమానాల కంపెనీ పెట్టిన లాక్‌హీడ్ సోదరుల్లో ఒకడైన మాల్కమ్ కారు బ్రేకులను ద్రవంతో నడిపించాడు. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ అవే బ్రేకులు. తోలు సీళ్ళు మాత్రం కారేవి. 1924లో క్రైస్లర్ ఇంజనీర్లు తోలు తీసి రబ్బరు కప్పులు పెట్టాక గానీ ఆ బ్రేకు జనానికి నమ్మకమైన వస్తువు కాలేదు. పళ్ళెం సంగతి వేరే దారిలో నడిచింది. బ్రిటన్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేకుకు పేటెంటు పొందాడు. రాగి ప్యాడ్లు కావడంతో అది చెవులు చిల్లులు పడేలా అరిచేది. 1953లో డన్‌లప్ డిస్క్ బ్రేకులు పెట్టుకున్న జాగ్వార్ లె మాన్ పందెం గెలిచాక ప్రపంచం ఆ పళ్ళెం వైపు తిరిగింది.

సైకిల్‌కు ఈ భోగం ఆలస్యంగా దక్కింది. కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళను కొండ పైకి మోసుకెళ్ళి కిందికి వదిలేవారు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ళ పందేనికి రీప్యాక్ అని పేరు. సుమారు రెండు మైళ్ళ దూరంలో 1,300 అడుగులు దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాగి, గ్రీజు పొగయ్యేది. ప్రతి దిగుడు తర్వాతా గ్రీజు మళ్ళీ కూరాలి, పేరు అందుకే. మౌంటెన్ బైక్ పుట్టుకలోనే వేడి సమస్య ఉంది. 1987లో జర్మనీలోని మగూరా నూనెతో నడిచే రిమ్ బ్రేకు తెచ్చింది. ఇంగ్లండులో రోల్స్ రాయిస్ విమాన ఇంజన్ల పని నేర్చిన ఇద్దరు నెలకొల్పిన హోప్, మరికొందరు కలిసి 1990ల్లో డిస్కును కొండ సైకిల్ మీదికి ఎక్కించారు. తర్వాత షిమానో, స్రామ్, టెక్ట్రో దాన్ని మామూలు కొనుగోలుదారు దాకా దింపాయి.

ఇక ఆ కాలిపర్ లోపలికి వెళ్దాం. నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్న చోటు ఇదే. పిస్టన్ చుట్టూ గాడిలో ఒక రబ్బరు వలయం కూర్చుని ఉంటుంది. దాన్ని కోసి చూస్తే కోత గుండ్రంగా ఉండదు, నలుచదరంగా ఉంటుంది. పిడి నొక్కగానే పిస్టన్ ముందుకు జరుగుతుంది. వలయం దాన్ని పట్టుకునే ఉండి దానితోపాటు కొంచెం మెలిపడుతుంది. పిడి వదలగానే ఆ మెలి విప్పుకుని పిస్టన్‌ను వెనక్కి లాక్కుంటుంది. లాగడానికి లోపల వేరే స్ప్రింగేదీ లేదు, ప్యాడ్ల మధ్య ఉండే సన్నని రేకు సాయం మాత్రమే. ప్యాడుకూ పళ్ళేనికీ మధ్య ఒక్కో పక్క అర మిల్లీమీటరైనా లేని ఆ సందును కాపాడేది ఈ మెలికే.

ప్యాడ్ అరిగినప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. పిస్టన్ ఎక్కువ దూరం పోవాల్సి వస్తుంది. వలయం మెలిపడగలిగినంత మేర మెలిపడి, ఆపైన పట్టు జారి పిస్టన్‌ను ముందుకు పోనిస్తుంది. వెనక్కి లాగేది మాత్రం పాత కొలతే. అంటే అరిగిన మేర పిస్టన్ దానంతటదే ముందుకొచ్చి కూర్చుంటుంది. ఆ ఖాళీని నింపే నూనె పిడి పక్కనున్న చిన్న తొట్టి నుంచి వస్తుంది. కేబుల్ బ్రేకు ఉన్నవాడు నెలకోసారి నట్టు తిప్పి చేసుకునే సర్దుబాటును ఈ రబ్బరు ఎవరికీ చెప్పకుండా చేసుకుపోతుంది. వలయం ఎండిపోయినా, దుమ్ము పట్టి పిస్టన్ బిగిసినా ఒక పక్క ప్యాడ్ వెనక్కి రాదు. పళ్ళేనికి రాసుకుంటూ చక్రంతోపాటు గీకడం మొదలవుతుంది. ఆ చప్పుడు వినగానే పళ్ళేన్ని సుత్తితో సరిచేయబోయేవాళ్ళున్నారు. చాలాసార్లు తప్పు పళ్ళేనిది కాదు.

బలం కన్నా సందును ఎప్పుడూ ఒకేలా ఉంచే ఈ కొలతే పాతబస్తీకి ముఖ్యం. ఫలక్‌నుమా వాలు దిగి, ఇంజన్‌బౌలి, అలియాబాద్, శాలిబండ దాటి చార్మినార్ వైపు వస్తున్నప్పుడు ఆటో ముందు చక్రం ఎప్పుడు అడ్డం తిరుగుతుందో తెలియదు. రంజాన్ రాత్రుల్లో మదీనా దగ్గర్నుంచి చార్‌కమాన్ దాకా సైకిల్‌ను నడక వేగానికి పట్టి ఉంచాలి, దిగకూడదు. అక్కడ కావలసింది చక్రాన్ని బిగబట్టే బలం కాదు, కావలసినంతే ఆపే నాణ్యం. తీగ తుప్పుపట్టి గొట్టంలో ఇరుక్కునే బ్రేకుకు ఆ నాణ్యం నిలవదు. వాన పడితే ఉక్కు రిమ్ముల మీద కడ్డీ బ్రేకు రబ్బర్లు ఎలా జారతాయో ఆ సైకిళ్ళు తొక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పళ్ళెం నడుము దగ్గర ఉంటుంది కాబట్టి గుంట నీళ్ళకు దూరం, తడిసినా ఒకటి రెండు తిప్పులకే ఆరుతుంది.

బలం అక్కర్లేదనడం లేదు. సెలవురోజున సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరికి పోయేవాళ్ళుంటారు. పురానాపూల్ కింద పారే మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు దిగితే బ్రేకులూ గాలీ కలిసి వదిలించుకోవలసిన శక్తి దాదాపు 88,000 జౌళ్ళు. 30 డిగ్రీల దగ్గరున్న 300 మిల్లీలీటర్ల నీళ్ళు మరగడానికి అది చాలు, మూడు కప్పుల ఇరానీ చాయ్‌కి ఎసరు పెట్టొచ్చు. 150 గ్రాముల పళ్ళెం ఒక్కటే అదంతా మింగి గాలికేమీ వదలకపోతే, లెక్క ప్రకారం వేడి వెయ్యి డిగ్రీలు దాటాలి. దాటదు, ఎందుకంటే చిల్లుల్లోంచీ అంచుల్లోంచీ గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. అయితే కొండ పొడుగునా పిడిని సన్నగా నొక్కిపట్టి దిగేవాడు ఆ గాలికి వ్యవధి ఇవ్వడు. గట్టిగా పట్టి, వదిలి, మళ్ళీ పట్టడం మేలు. 70 కిలోల మనిషికి 160 మిల్లీమీటర్ల పళ్ళేలు చాలు. బరువు ఎక్కువైతే ముందు చక్రానికి 180 పెట్టించుకోవాలి.

ఆ వేడిని ముందుగా మోసేది ప్యాడ్. రెండు రకాలు దొరుకుతాయి. జిగురుతో పీచులూ పొడులూ కలిపి చేసే రెసిన్ ప్యాడ్ ఒకటి. లోహపు పొడిని నొక్కి, కరగనంత వేడిలో రేణువులు ఒకదానికొకటి అతుక్కునేలా కాల్చే సింటర్డ్ ప్యాడ్ రెండోది. ఈ రెండో విద్యకు పాతబస్తీ పక్కనే పెద్ద ఇల్లుంది. 1963లో ఏర్పడిన డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లేబరేటరీ కంచన్‌బాగ్‌లో ఉంది. యుద్ధవిమానాల బ్రేకు ప్యాడ్లను లోహపు పొడితో తయారుచేసే పరిజ్ఞానాన్ని అక్కడ రూపొందిస్తే, బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) ఉత్పత్తి చేసింది. లోహపు పొడుల పరిశోధనకు పెట్టిన ఏఆర్‌సీఐ కాస్త ముందుకు పోతే బాలాపూర్‌లో. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఆగిన సైకిల్ మీది సింటర్డ్ ప్యాడుకు మేనమామల ఇళ్ళు కూతవేటు దూరంలో ఉన్నాయన్నమాట. ఆ బంధుత్వం చూసి ఉత్సాహపడి సింటర్డ్ కొనేయకండి. అది మోత చేస్తుంది, వేడిని పిస్టన్‌కు తొందరగా అందిస్తుంది. పైగా కొన్ని చౌక పళ్ళేల మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని చెక్కి ఉంటుంది. ఊళ్ళో తొక్కేవాళ్ళకు రెసినే సుఖం. లోపమల్లా మన నేలే. ఇక్కడి గ్రానైటు ఇసుక వానలో నీళ్ళతో కలిసి ప్యాడ్‌ను రంపపు పొట్టులా రాల్చేస్తుంది. జులైకి ముందే ఒక జత కొని ఇంట్లో పెట్టుకోవాలి.

ఇక నూనె. రెండు కులాలు, వాటికి పొత్తు కుదరదు. మోటారు బండ్లలో పోసే డాట్ ద్రవం ఒకటి, ఖనిజ నూనె రెండోది. డాట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరంటే పిడి చేతికి మెత్తగా ఒరిగిపోవడం. ఖనిజ నూనె నీటిని పీల్చదు. ఎలాగోలా లోపలికి వచ్చిన నీటి బొట్టు మాత్రం కిందికి జారి కాలిపర్‌లో, అంటే అన్నిటికన్నా వేడి చోట, కూర్చుంటుంది. షిమానో, టెక్ట్రో, మగూరా ఖనిజ నూనెవి. హోప్ డాట్. స్రామ్ ఎక్కువగా డాటే, కొత్త మోడళ్ళు కొన్ని నూనె వైపు వచ్చాయి. దేని రబ్బరు దానికే తయారైంది. ఒకదాని నూనె ఇంకోదాంట్లో పోస్తే వలయం ఉబ్బి పాడవుతుంది. మూసీ అవతల పుత్లీబౌలిలో ఏ ఆటోమొబైల్ దుకాణంలో అడిగినా డాట్ సీసా చేతికొస్తుంది, సైకిల్ ఖనిజ నూనె కోసం వెతకాలి. షిమానో బ్రేకులో డాట్ పడే ప్రమాదం అక్కడే ఉంది. పిడి మూత మీద ఏ నూనె అని రాసి ఉంటుంది, మిస్త్రీ పోసేముందు మీరే చదివి వినిపించండి.

ఓవరాయిలింగ్ రెండో గండం. కిరసనాయిల్‌లో ముంచిన బ్రష్షుతో సైకిలంతా తోమి, చైను నుంచి చక్రాల దాకా నూనె చల్లడం మన దుకాణాల ఆచారం. కడ్డీ బ్రేకుల కాలానికి అది మంచి ఆచారమే. ప్యాడ్ నూనె తాగితే మాత్రం ఇక అది బ్రేకు కాదు. కడిగినా కాల్చినా ఎక్కువసార్లు దారికి రాదు, మార్చుకోవాల్సిందే. సైకిల్ అప్పజెప్పేటప్పుడే "డిస్క్ పే తేల్ నక్కో, భాయ్" అని చెప్పడం మంచిది. పళ్ళేన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే చాలు, వేళ్ళతో ముట్టుకోవద్దు. చక్రం ఊడదీసి ఉన్నప్పుడు పిల్లలు పిడి నొక్కకుండా చూడాలి. నొక్కితే పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి మూసుకుంటాయి. ప్యాడ్ల మధ్య మందపు అట్టముక్క పెట్టి ఉంచితే ఆ తలనొప్పి ఉండదు.

2020 అక్టోబరు వరదలో ఫలక్‌నుమా కింది కాలనీల్లో ఇళ్ళే మునిగాయి. అలాంటి బురద నీళ్ళలో నానిన సైకిల్‌ను ఎండలో ఆరబెట్టి తొక్కేస్తే సరిపోదు. ప్యాడ్లు తీసేసి, బయటికొచ్చిన పిస్టన్ అంచులను శుభ్రంగా తుడిచి, అప్పుడు వెనక్కి నెట్టాలి. తుడవకుండా నెడితే ఆ మట్టి నేరుగా వలయం కిందికి పోతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు జుమ్మేరాత్ బజార్‌లో బేరం మొదలుపెట్టేముందు పిడిని గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టి చూడండి. రాయిలా నిలబడితే సరే. స్పాంజిలా ఉంటే గాలి చేరింది, నూనె మార్పిస్తే పోతుంది. నొక్కి ఉంచగా మెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతూ ఉంటే ఎక్కడో సీలు పోయింది. పళ్ళెం మందం కూడా కొలవాలి. షిమానోవి 1.8 మిల్లీమీటర్లతో వచ్చి 1.5 దగ్గర జీవితం ముగించుకుంటాయి. సీలు పోయిన కాలిపర్ హోప్‌ది అయితే వలయాలు విడిగా అమ్ముతారు, తెప్పించి వేసుకోవచ్చు. షిమానో ఆ వలయాలు విడిగా అమ్మదు, కాలిపర్ మొత్తం మార్చమంటుంది. పిసరంత రబ్బరు కోసం అంత లోహం పారేయమనడం నాకు మింగుడుపడని సంగతి. బేరంలో ఆ కాలిపర్ ఖరీదు తగ్గించి అడగండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే పక్క దుప్పటి మీద ఇంకో సైకిల్ ఉంటుంది.