కొన్న సాఫ్ట్‌వేరుపై హక్కు ఎవరిది?

బొబ్బిలిలో పనసమ్రాను తొలిచి చేసిన వీణను కొన్నవారు, కొంతకాలము వాయించుకొని వేరొకరికి అమ్మివేయవచ్చును. వీణ చేసినవానిని అడుగ నక్కరలేదు. పుస్తకమునకును ఇదే న్యాయము. మరి కంప్యూటరులో వాడు సాఫ్ట్‌వేరు మాట యేమి?

విజయనగరములో కంప్యూటరుపై అక్షరములు కూర్చిపెట్టు చిన్న దుకాణ మొకటి మూతపడినదనుకొందము. యజమాని బల్లలు, యంత్రములు అమ్ముకొనును. వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేరును అమ్ముకొనగలడా? అతడు కొన్నవి రెండు: ఒకటి ప్రోగ్రాము ప్రతి, రెండవది దానిని వాడుకొను అనుమతి, అనగా లైసెన్సు. చిక్కంతయు ఈ రెండవదానితోనే.

మన రాష్ట్రమునుండియే ఒక ప్రసిద్ధ వ్యాజ్యము నడచినది. డిస్కుపై అమ్ము సాఫ్ట్‌వేరు సరుకే గనుక అమ్మకపు పన్ను కట్టవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, కాదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించినవి. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు అది సరుకేయని తీర్పు చెప్పినది. పన్ను వేయునప్పుడు సరుకైనది మారు అమ్మునప్పుడు కాకపోవునా యని కొన్నవాడు అడుగుట సహజము. కాని ఆ తీర్పు పన్ను వరకే.

1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ, ఒకసారి అమ్ముడైన ప్రతిని సైతము తిరిగి అమ్ము హక్కు కర్తదేయన్నది. 1999 సవరణ ఆ మాటలను తొలగించినది. ఆ నిబంధన ఉద్దేశము నకళ్లు తీసి పంచుటను ఆపుటయేయని 2021 మార్చి 2న మరియొక పన్ను వ్యాజ్యములో సుప్రీంకోర్టు వివరించినది. శాశ్వత లైసెన్సును అమ్మవచ్చునని, అమ్మినవాడు తన ప్రతిని పనికిరాకుండ చేయవలెనని ఐరోపా న్యాయస్థానము 2012లో తీర్పిచ్చినది. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 2010లో, ఒప్పందము బిగువుగా నున్నచో కొన్నవాడు అనుమతి పొందినవాడే గాని యజమాని కాడన్నది.

కనుక డబ్బు చెల్లించుటకు ముందే విచారింపవలెను: లైసెన్సు శాశ్వతమా, ఏటేటి చందాయా? ఇతరులకు బదలాయింపవచ్చునా? చందా తీరిన నాడు అమ్ముటకేమియు మిగులదు. రశీదును, లైసెన్సు పత్రమును భద్రపరచవలెను. ఒక ప్రతి తనవద్ద నుంచుకొని మరొకటి అమ్ముట దొంగనకలే యగును.

జీవనోపాధికై స్వయముగా వాడుకొను చిన్న వృత్తిదారుడును చట్టదృష్టిలో వినియోగదారుడే. ఒప్పందము మరీ అన్యాయముగా నున్నచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి రాష్ట్ర కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. చదువక సమ్మతి తెలిపిన పత్రమే పిదప మన చేతులు కట్టివేయునని మరువరాదు.