వేడిని మోసే గొట్టం

మా తొప్పూరు కనుమ దిగే లారీల బ్రేకులు వేడెక్కితే డ్రైవర్లు పక్కన ఆపుకుంటారు. గాలి తగిలి అవే చల్లారుతాయి. ఉపగ్రహం చుట్టూ ఆ గాలే లేదు కదా, మరి దాని వేడి ఎలా పోతుంది?

అందుకే హీట్ పైపు పెడతారు. అది మూసేసిన గొట్టం. లోపల కొంచెం ద్రవం, గోడల వెంట సన్నని గాడులు. వేడి కొసన ద్రవం ఆవిరై చల్లని కొసకు పోతుంది. అక్కడ వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టే గాడులు దాన్ని వెనక్కి లాగుతాయి. మోటారు అక్కర్లేదు.

ఇన్‌ఫ్రారెడ్ కెమెరాల్లాంటి వాటికి మరీ చల్లదనం కావాలి. అలాంటి చోటికి ఆక్సిజన్ నింపిన పైపులు పనికొస్తాయి. ఆక్సిజన్ మరిగేదే మైనస్ 183 డిగ్రీల దగ్గర. కానీ ఇలాంటి ద్రవాలకు తలతన్యత తక్కువ. నేలమీద పైపు కాస్త వాలినా భూమ్యాకర్షణదే పైచేయి, అసలు ఫలితం తెలీదు. అందుకే 1992 డిసెంబరులో నాసా డిస్కవరీ షటిల్‌లో ఈ పైపులను పైకి పంపి పరీక్షించింది.

లారీ అయితే పక్కన ఆపి చూసుకోవచ్చు. ఉపగ్రహానికి ఆ వీలు లేదు. ముందే పరీక్షించుకోవాల్సిందే.